గుండీల షాపు ఉన్నంతవరకు

మార్చి 4, మంగళవారం

బట్టల షాపువాళ్ళు ఇవాళ వెళ్ళిపోయారు. మా ప్లాజాలో కింద అంతస్తులో సగం వాళ్ళదే. మూడు లారీలు పట్టింది. కిటికీల్లో నిలబెట్టే బొమ్మలకి తలలు విడిగా, చేతులు విడిగా ఊడదీసి గోనెసంచుల్లో వేశారు. నాకెందుకో చూడబుద్ధి కాలేదు, పైకి వెళ్ళి నీళ్ళ మోటారు ఆపొచ్చాను. ఆపాల్సిన టైమేం కాదు.

వాళ్ళ మేనేజరు తాళాలు నా చేతిలో పెట్టి, "కొత్త ప్లాజాకి ఓసారి రండి సార్, బైపాస్ పక్కనే. ఏసీ ఎలా ఉంటుందో చూద్దురుగాని" అన్నాడు. పదకొండేళ్ళు నా కుళాయి నీళ్ళు తాగినవాడు.

నలభై రెండు షాపుల్లో ఇక మిగిలినవి తొమ్మిది.

సాయంత్రం ప్లాజా యజమాని చిన్నయ్యగారు ఫోన్ చేశారు. పెద్దయ్యగారు బతికున్నన్నాళ్ళు నెలకోసారి స్వయంగా వచ్చి, ప్రతి అంతస్తులో గోడ మీద చెయ్యి వేసి చూసుకునేవారు, చెమ్మ ఉందేమోనని. కొడుకు ఫోన్లోనే ప్లాజా నడుపుతాడు. ఇవాళ రెండే నిమిషాలు మాట్లాడారు. ప్లాజా అమ్మేస్తున్నారట. కొనేవాళ్ళు పడగొట్టి కార్ల పార్కింగ్ కడతారట.

"కాగితాలు అయ్యేదాకా ఎవరికీ తెలియకూడదు. ఖాళీ బిల్డింగ్ అని తెలిస్తే వాళ్ళు రేటు నొక్కేస్తారు. ఉన్నవాళ్ళని కదలనివ్వకండి."

నేను ఏదో అనబోయాను.

"మీ వదినగారి గుండీల షాపు ఉన్నంతవరకు మిగతావాళ్ళు కదలరు. ఆవిడని చూసుకోండి చాలు. మీ సంగతి నేను చూసుకుంటాను, పార్కింగ్‌కి కూడా మేనేజరు కావాలి కదా."

సరే సార్ అన్నాను. ఫోన్ పెట్టేశాక ఖాళీ గదిలో ఇంకోసారి సరే సార్ అన్నాను.

మా ఆవిడకి చెప్పలేదు. తోడికోడళ్ళిద్దరి మధ్యా గోడ లేదు, ఈ చెవిన పడింది ఆ నోట్లోంచి వస్తుంది. అందుకని ఇక్కడ రాస్తున్నాను. డైరీ ఇన్సూరెన్సువాడు ఇచ్చింది. రెండు నెలల పేజీలు తెల్లగానే ఉన్నాయి.

మార్చి 5, బుధవారం

ఖాళీ షాపుల్లో కూడా సాయంత్రం లైట్లు వెయ్యమన్నారు. వేశాను.

మార్చి 8, శనివారం

వదిన పిలిచింది. రోజూ పదకొండింటికి టీ కోసం పిలుస్తుంది కాబట్టి మామూలుగానే వెళ్ళాను.

అన్నయ్య పోయినప్పుడు ఆ షాపు మూసేస్తుందని అందరూ అనుకున్నారు. నెల తిరక్కుండానే షట్టరెత్తింది. పద్నాలుగేళ్ళయింది. గోడ పొడుగునా ఆరువందల నలభై సొరుగులు. ప్రతి సొరుగు ముందూ లోపలున్న గుండీ ఒకటి అంటించి ఉంటుంది. చొక్కా గుండీ, కోటు గుండీ, చిన్నపిల్లల స్వెట్టరు గుండీ, చెక్కవి, కొమ్మువి, ఇత్తడివి. ఇవి కాక దారాలు, జిప్పులు, లేసులు, ఎలాస్టిక్. ఎవరైనా గుండీ ఊడిన కోటు తెచ్చి కౌంటరు మీద పెడితే, వదిన మిగిలిన గుండీని వేలితో ఒకసారి తడిమి తిన్నగా ఒక సొరుగు దగ్గరికి నడుస్తుంది. నిచ్చెన ఎక్కేటప్పుడు మాత్రం ఈ మధ్య మోకాలు పట్టుకుంటోంది.

"కొత్త ప్లాజావాళ్ళు వచ్చారు" అంది. "మెట్ల కింద జాగా ఉందట. చిన్నదే. ముప్ఫయ్యొకటో తారీకులోపు చెప్పమన్నారు."

"ఊఁ."

"చెప్పులాయనకి, వాచీలాయనకి కూడా ఇస్తామన్నారట. వాళ్ళు నా మొహం చూస్తున్నారు, నేను నీ మొహం చూస్తున్నాను." టీ గ్లాసు నా ముందుకి జరిపింది. "ఇరవై రెండేళ్ళుగా ఈ బిల్డింగ్ నాడి పట్టుకుని కూర్చున్నావు. ఉండమంటే ఉంటాను. వెళ్ళమంటే వెళ్తాను. ఇంకెవర్నీ అడగను."

నీళ్ళు నమలడమంటారే, నేను టీ నమిలాను.

"తొందరేముంది వదినా. కింద పెద్ద షాపు వచ్చే సూచనలున్నాయి."

సూచనలు అన్నాను. వస్తుందని అనలేదు.

మార్చి 11, మంగళవారం

బట్టల షాపు అద్దాలకి లోపల్నుంచి గోధుమరంగు కాగితం అంటించాం. చిన్నయ్యగారు బోర్డు కూడా పెట్టమన్నారు. పెయింటరు వచ్చాడు.

"ఏ షాపు పేరు రాయాలండీ?"

"పేరొద్దు. 'త్వరలో' అని రాయి చాలు."

"ఏది త్వరలో?"

"రాయవయ్యా."

రాశాడు. అక్షరాలు మాత్రం చాలా అందంగా వచ్చాయి. పడమటి ఎండకి మెరుస్తున్నాయి. ఒక్కోసారి అమ్మకాలు ఆగిపోతాయి కూడా. రిజిస్ట్రారు ఆఫీసు గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చిన బేరాలు ఎన్ని చూడలేదు. అలా ఆగిపోతే ఎవరో ఒకరు నిజంగానే వచ్చి దిగొచ్చు. అప్పుడు నేను చెప్పింది అబద్ధం అవదు.

మార్చి 15, శనివారం

చెప్పులాయన, వాచీలాయన కలిసి ఆఫీసుకి వచ్చారు. వీళ్ళిద్దరూ కలిసి ఎక్కడికీ రారు. ఇరవై ఏళ్ళ కింద పార్కింగ్ జాగా గురించి పడిన తగువు ఇంకా తీరలేదు, అప్పటి స్కూటర్లు రెండూ తుక్కులోకి వెళ్ళిపోయినా సరే.

"మేం కూడా ఉండిపోతున్నాం" అన్నాడు చెప్పులాయన. "గుండీలమ్మగారు చెప్పారు. 'మా మరిది చెప్పాడు, కింద పెద్ద షాపు వస్తోంది, జనం మళ్ళీ వస్తారు' అని."

వాచీలాయన తక్కువ మాటల మనిషి. "ఆవిడ చెబితే చాలు" అన్నాడు.

'సూచనలున్నాయి' అన్నది వారం తిరిగేసరికి 'వస్తోంది' అయింది. సరిదిద్దొచ్చు. నోరు తెరిచాను కూడా. అప్పుడే వాష్‌రూమ్‌లో కుళాయి విరిగిందని వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చాడు.

కుళాయి బాగుచెయ్యడానికి పది నిమిషాలు పట్టింది. నేను గంటన్నర అక్కడే ఉన్నాను.

మార్చి 19, బుధవారం

చిన్నయ్యగారు ఫోన్ చేసి "గుడ్" అన్నారు. అంతే.

మార్చి 24, సోమవారం

కరెంటాఫీసులో పనుందని చెప్పి కొత్త ప్లాజాకి వెళ్ళాను. బస్సు దిగి పావుగంట నడక. నేల ఎంత నున్నగా ఉందంటే ముసలివాళ్ళు గోడ పట్టుకుని నడుస్తున్నారు. మన బట్టల షాపు బొమ్మలు అక్కడ తలలతో సహా నిలబడి ఉన్నాయి.

మెట్ల కింద జాగా చూశాను. తాడు కట్టి ఉంది. ఎవరూ చూడకుండా అడుగులతో కొలిచాను. పొడుగు పద్నాలుగు, వెడల్పు తొమ్మిది. సొరుగులన్నీ పడతాయి. నిచ్చెన అక్కర్లేకుండా కూడా పడతాయి, రెండు గోడలకీ సర్దితే.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఆలోచించాను. వదిన దగ్గరికి వచ్చేవాళ్ళంతా పెద్దవాళ్ళు, అంత దూరం ఎవరొస్తారు. ఆ నున్నటి నేల మీద వదిన మోకాలితో ఎలా నడుస్తుంది. పైగా అక్కడ పాటలు పెడతారు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా, తల పగిలిపోతుంది. ఇక్కడే హాయి. ఆమె మంచి కోరేవాడు ఎవరైనా ఉండమనే చెప్తాడు.

మార్చి 31, సోమవారం

పదకొండింటికి వెళ్ళేసరికి వదిన ఫోన్లో ఉంది. "మా ప్లాజాలోనే ఉంటున్నామండీ. ఏమీ అనుకోకండి. ఆ జాగా ఇంకెవరికైనా ఇవ్వండి" అంటోంది. నన్ను చూసి కూర్చోమని సైగ చేసింది.

ఫోన్ పెట్టేసి, "అమ్మయ్య, నెల రోజుల్నుంచి గుండెల మీద రాయిలా ఉంది, దిగింది" అంది.

టీ ఇచ్చింది. తాగాను. బాగుంది అన్నాను.

ఏప్రిల్ 1, మంగళవారం

రాయడానికి ఏమీ లేదు.

ఏప్రిల్ 7, సోమవారం

వాన. పైకప్పు మూడు చోట్ల కారింది. ఉన్న బకెట్లన్నీ పెట్టాం. బ్యూటీ పార్లరమ్మ ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోయింది. అద్దం మీద 'మారాము' అని కాగితం, కింద ఫోన్ నంబరు. చిన్నయ్యగారి ఆర్డరు ప్రకారం అలాంటివి ఉంచకూడదు. గోకేశాను. గోరు విరిగింది.

మిగిలింది ఎనిమిది.

మా ఆవిడ పొద్దున్న హాస్పిటల్‌కి బయల్దేరుతూ అడిగింది. అక్కడ చీటీలు రాసే కౌంటరులో ఉంటుంది, మనుషుల్ని చూడగానే ఏ డాక్టరు దగ్గరికి పంపాలో తెలిసిపోతుంది తనకి.

"మీకు ఒంట్లో బాగాలేదా?"

"బానే ఉంది."

"నిద్రలో సరే సార్, సరే సార్ అంటున్నారు."

"ఆఫీసు కలేదో వచ్చుంటుంది."

"కలలోనైనా కాదు సార్ అనొచ్చు కదా" అని చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

ఏప్రిల్ 12, శనివారం

కొలతలవాళ్ళు వచ్చారు. నలుగురు, పసుపు టోపీలు, మూడుకాళ్ళ యంత్రం. ఇంత త్వరగా వస్తారని చిన్నయ్యగారు చెప్పలేదు. డ్రైనేజీవాళ్ళు అని అందరికీ చెప్పాను. చెప్పులాయన నమ్మాడు. "ఇన్నాళ్ళకైనా" అన్నాడు.

ఏప్రిల్ 15, మంగళవారం

నిన్నా ఇవాళా వదిన టీకి పిలవలేదు. సరుకు వచ్చుంటుంది. పనిలో పడితే ఆవిడకి టైము తెలీదు.

ఏప్రిల్ 16, బుధవారం

మధ్యాహ్నం నేనే వెళ్ళాను. సరుకేమీ రాలేదు. వదిన కౌంటరు మీద ఒక సొరుగు బోర్లించి గుండీలు ఏరుతోంది. ఆ సొరుగులో అన్నీ ఒకే రకం. ఏరడానికి ఏమీ లేదు.

"శనివారం ఒకాయన వచ్చాడు, పసుపు టోపీ" అంది తలెత్తకుండా. "కోటు గుండీ ఊడి వేలాడుతోంది. ఇటివ్వు నాయనా కుడతాను అన్నాను. కుడుతుంటే కబుర్లు చెప్పాడు. పునాది ఎంత లోతుందో చూస్తున్నారట. మూడంతస్తుల పార్కింగ్ కదమ్మా, బరువు ఆగాలి కదా అన్నాడు. నాకు తెలిసే ఉంటుందనుకున్నాడు."

నేను నిలబడే ఉన్నాను.

"నీకెప్పుడు తెలిసింది?"

"పోయిన వారం" అన్నాను.

ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట. వెతుక్కోనక్కర్లేకపోయింది.

వదిన అప్పుడు తలెత్తింది. మొహంలో ముడి విడిపోయింది. "నేననుకున్నాలే. నాలుగు రోజుల్నుంచి నాలో నేనే కొట్టుకుంటున్నాను, నీ మీద లేనిపోనివి ఊహించుకుని. నిన్ను కూడా చివరిదాకా చీకట్లోనే ఉంచారన్నమాట. పాపం, ఇరవై రెండేళ్ళు చాకిరీ చేస్తే ఇదా."

లేచి వెళ్ళి స్టవ్ వెలిగించింది. నా కోసం.

మార్చి నాలుగు. సాయంత్రం, నా ఆఫీసులో, మోటారు ఆపిన రోజు. మార్చి నాలుగు.

ఏప్రిల్ 17, గురువారం

ఇవాళ జరిగింది జరిగినట్టు రాస్తాను.

తొమ్మిదింటికి వదిన షట్టరెత్తుతుంటే వెళ్ళాను. సగం ఎత్తిన షట్టరు కింద వంగి ఉండగానే చెప్పాను. ముందు మొహం చూసి చెప్పాలనుకున్నాను. అలా అయితే ఎప్పటికీ చెప్పలేనని తెలిసింది.

"వదినా, పోయిన వారం కాదు. మార్చి నాలుగున తెలిసింది. నువ్వు అడిగినప్పుడు తెలుసు. నువ్వు వాళ్ళకి వద్దని ఫోన్ చేసినప్పుడు కూడా తెలుసు. నువ్వుంటే అందరూ ఉంటారని, నిన్ను ఉంచమన్నారు. ఉంచాను."

షట్టరు ఎత్తడం పూర్తిచేసింది. లైటు వేసింది. చీపురు తీసుకుంది, మళ్ళీ పెట్టేసింది. స్టూలు మీద కూర్చుంది.

"ఉద్యోగం పోతుందని భయపడ్డావా?"

"పార్కింగ్‌లో ఉద్యోగం ఇస్తామన్నారు."

"ఊఁ" అంది. ఎదురుగా షాపులన్నీ మూసే ఉన్నాయి, లోపల మాత్రం లైట్లు వెలుగుతున్నాయి. నేనే వేయించినవి. అంత దరిద్రంగా ఎప్పుడూ కనపడలేదు నాకా వరండా.

"నాతో అబద్ధం చెప్పావు, అది నువ్వూ నేనూ చూసుకుంటాం. నీ మాట నా మాటగా వాళ్ళందరికీ చెప్పాను. నువ్వు చెబితే వాళ్ళు నమ్మేవాళ్ళు కాదు. నేను చెప్పాను కాబట్టి నమ్మారు." లేచింది. "పద."

"ఎక్కడికి?"

"పద."

ముందు వాచీలాయన దగ్గరికి. ఆయన కంటికి భూతద్దం పెట్టుకుని పనిలో ఉన్నాడు. వదిన కౌంటరు ముందు నిలబడి, ఇంట్లో పెద్దవాళ్ళతో మాట్లాడినట్టు చెప్పింది. "నేను ఉండమన్నాను, మీరు ఉన్నారు. ఈ బిల్డింగ్ అమ్మేస్తున్నారు. పడగొడతారట. పెద్ద షాపు ఏమీ రావడం లేదు. తెలుసుకోకుండా చెప్పాను, తప్పు నాది."

నా పేరే ఎత్తలేదు. ఆయన ఆ భూతద్దం తియ్యకుండానే నన్ను చూశాడు. ఆ కన్ను ఇంత పెద్దగా ఉంది. మళ్ళీ వాచీ మీదికి వంగాడు. కాసేపటికి స్క్రూ డ్రైవరు పక్కన పెట్టేశాడు.

తర్వాత చెప్పులాయన. ఆయన అంత సులువుగా వదల్లేదు.

"అమ్మా, మీకు తెలీదు. తెలిసినవాడు మీ వెనకాలే నిలబడి ఉన్నాడు."

"మా ఇంటివాడు. తప్పు మా ఇంటిదే."

"మీరెందుకమ్మా నెత్తిన వేసుకుంటారు?"

"మరి నా మాట మీదే కదా మీరు ఆగింది."

చెప్పులాయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కొత్త ప్లాజాలో ఆయనకి ఇస్తామన్న జాగా ఏప్రిల్ ఒకటినే ఇంకో చెప్పుల షాపుకి వెళ్ళిపోయిందట. కూతురు ఆ ప్లాజా పక్కనే ఉంటుంది, మధ్యాహ్నం భోజనానికి వెళ్ళిరావచ్చు అనుకున్నాడట. ఇదంతా నాకు కాదు, వదినకి చెప్పాడు.

ఏడు షాపులు. ఫొటోలకి ఫ్రేములు కట్టేవాళ్ళు, తాళాలాయన, పాత పుస్తకాల ఆవిడ. ఒక్కో చోట అవే మాటలు, అదే వరసలో. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం విన్నాను గాని, ఇక్కడ దొంగని ఎవరూ పిలవడం లేదు. ఇంకొకరు భుజాలు తడుముకుంటున్నారు. ఆరో షాపు రేడియోలు బాగుచేసే ఆయనది. అక్కడ వదిన "నేను ఉండమన్నాను" అంది, తర్వాతి మాట రాలేదు. రెండోసారి మొదలుపెట్టింది. అదీ రాలేదు. కౌంటరు అంచు పట్టుకుంది.

అప్పుడు నేను ముందుకి వచ్చాను. "ఆమెకి తెలీదండి. నాకు మార్చి నాలుగున తెలిసింది. నేనే అందరికీ అబద్ధం చెప్పాను" అన్నాను. ఏడో షాపులో కూడా నేనే చెప్పాను. వదిన బయటే నిలబడింది.

తిరిగి వచ్చాక ఆమె తన షాపులోకి వెళ్ళింది, నేను ఆఫీసులోకి. పదకొండు దాటింది. టీ లేదు.

ఏప్రిల్ 18, శుక్రవారం

"ఎవరు చెప్పారు వాళ్ళకి?" అన్నారు చిన్నయ్యగారు.

"నేనే."

"బుద్ధుందా మీకు?"

తాళాలు వాచ్‌మన్‌కి ఇచ్చి వెళ్ళిపొమ్మన్నారు. ఈసారి సరే సార్ అనలేదు. ఇచ్చేశాను.

నూట పన్నెండు తాళాలు. జేబులో ఆ బరువు లేక, నడుస్తుంటే చొక్కా ఒక పక్కకి లాగడం లేదు. నడక కుదరక రోడ్డు మీద వంకరగా నడిచినట్టనిపించింది.

ఏప్రిల్ 22, మంగళవారం

మా ఆవిడ నాలుగు రోజులు మాట్లాడలేదు. ఇవాళ కంచం పెట్టి ఎదురుగా కూర్చుంది.

"ఉద్యోగం పోయింది, పోనీ. నా జీతం ఉంది, తింటాం. అక్క మొహం ఎలా చూడమంటారు నన్ను?"

"ఏమంటోంది వదిన?"

"ఏమీ అనదు. రోజూ ఫోన్ చేసి, మీ ఆయన తిన్నాడా అని అడుగుతుంది. అది వింటుంటే నాకు చచ్చే చావుగా ఉంది."

"నాకు ఫోన్ ఇమ్మని…"

"అడగదు. ఇవ్వబోతే పెట్టేస్తుంది."

రేపు ఫోన్లో తినలేదని చెప్పాల్సి రాకుండా అన్నం మొత్తం తిన్నాను.

మే 6, మంగళవారం

నెలాఖరులోపు ఖాళీ చెయ్యాలని ప్లాజాలో అందరికీ నోటీసు వచ్చిందట. కొత్త ప్లాజాలో మెట్ల కింద ఫోన్ కవర్లవాడు దిగాడు. వదినకి ఇస్త్రీ షాపు వెనక సందులో ఒక గది దొరికింది. అంతకుముందు ఎవరిదో కారు షెడ్డు. సొరుగులు నాలుగు వందల పైన పట్టవు.

మిగతావి మా ఇంట్లో పెడతారట. నన్నెవరూ అడగలేదు. తోడికోడళ్ళిద్దరూ టేపు పట్టుకుని హాలు కొలిచారు. వదిన మా ఇంటికి వచ్చి నలభై నిమిషాలుంది. నేను వంటింట్లో ఉన్నాను. గిన్నెలన్నీ తోమాను, తోమినవి కూడా.

సోఫా వరండాలోకి వెళ్ళింది.

మే 11, ఆదివారం

సామాను తరలింపు. పొద్దున్నే వెళ్ళాను, ఎవరూ పిలవకపోయినా. చెప్పులాయన అట్టపెట్టెలు దింపుతున్నాడు, బస్టాండు వెనక దొరికిందట ఆయనకి. ఒక చెయ్యి వెయ్యబోయాను.

"మీరు ఉండండి సార్" అన్నాడు.

ఇరవై ఏళ్ళు నన్ను 'ఏమయ్యా మేనేజరూ' అన్నవాడు.

వదిన సొరుగులు మాత్రం మోశాను. ఆవిడ ఆపలేదు. నేను మూరెడు దూరంలో ఉన్నా మా ఆవిడతోనే చెప్పింది. "అవి కొమ్ము గుండీలు, మెల్లిగా దింపమను." మా ఆవిడ నా వైపు తిరిగి, "కొమ్ము గుండీలట, మెల్లిగా దింపాలట" అంది. మెల్లిగా దింపాను. "సరిగ్గానే దింపారక్కా" అని అటు చెప్పింది. ఇద్దరి మధ్యా తిరిగి తిరిగి సాయంత్రానికి మా ఆవిడ గొంతు బొంగురుపోయింది. "మీ ఇద్దరికీ ఒక పోస్టాఫీసు పెట్టిస్తే బాగుణ్ణు" అంది ఇంటికొచ్చాక. నవ్వింది కూడా కొంచెం.

ఒళ్ళంతా నొప్పులు. హాల్లో రెండువందల చిల్లర సొరుగులు. నడవాలంటే పక్కకి తిరిగి నడవాలి.

మే 13, మంగళవారం

పార్కింగ్ ఉద్యోగానికి వేరే ఎవరినో తీసుకున్నారట. వాచ్‌మన్ చెప్పాడు. నాకు కోపం వస్తుందేమోనని కాసేపు ఎదురుచూశాను. రాలేదు.

మే 18, ఆదివారం

మందులకని వెళ్తూ ప్లాజా ముందు నుంచి నడిచాను. అందరూ వెళ్ళిపోయారు. గేటు దగ్గర ఒక పెద్దావిడ గొలుసు పట్టుకుని ఊపుతోంది, గంట కొట్టినట్టు. చంకలో ఒక కోటు. రెండు బస్సులు మారి వచ్చిందట. వాళ్ళాయన కోటుకి గుండీ కావాలి.

"ఇక్కడ గుండీలావిడ ఉండేవారు. పోయారా?"

"లేదమ్మా, మారారు." దారి చెప్పాను. ఇస్త్రీ షాపు దాకా, అక్కడ ఎడమకి, సందు చివర. ఆవిడకి అర్థం కాలేదు. నడిచి సందు మొదటిదాకా తీసుకెళ్ళి చూపించాను. లోపలికి వెళ్ళలేదు.

మళ్ళీ ప్లాజా దగ్గరికి వచ్చేసరికి ఇంకొకాయన నిలబడి ఉన్నాడు, చేతిలో ఆగిపోయిన గోడగడియారం.

మే 19, సోమవారం

పొద్దున్న పదినుంచి ఒంటిగంట దాకా గేటు దగ్గర ఉన్నాను. పదకొండుమంది వచ్చారు.

మే 21, బుధవారం

పద్నాలుగు. వాచీలాయన ఆస్పత్రి ఎదురుగా మెడికల్ షాపు మెట్ల మీద. తాళాలాయన పాత సినిమా హాలు పక్కన. పుస్తకాల ఆవిడ ఇంట్లోనే, ముందు ఫోన్ చెయ్యాలి. రేడియోలాయన మానేశాడు, కొడుకు దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆయన కోసం వచ్చినవాళ్ళకి ఏం చెప్పాలో తెలీదు. మానేశారండి అని చెప్తున్నాను, అదే నిజం కాబట్టి.

కాగితం మీద రాసి అంటించెయ్యొచ్చు కదా అంది మా ఆవిడ. అంటించాను. అయినా జనం కాగితం చదవరు, మనిషి కనపడితే అడుగుతారు.

మే 25, ఆదివారం

ఎండ దంచేస్తోంది. పదకొండున్నర అయింది. ఒక జంటకి చెప్పులాయన దారి చెప్పి ఇటు తిరిగేసరికి వదిన రోడ్డు దాటుతోంది. మోకాలు పట్టుకుని, ఒక్కో అడుగూ చూసుకుంటూ. ఎంతసేపటినుంచి అవతల నిలబడిందో.

వచ్చి నా పక్కన ఆగింది. ప్లాజా వైపు చూసింది. పైనుంచి కిటికీ చట్రాలు పీకడం మొదలుపెట్టారు.

"చెప్పులాయన చెప్పాడు" అంది. నాతోనే. చుట్టూ ఇంకెవరూ లేరు. "పొద్దున ఒకామె వచ్చిందట, గేటు దగ్గర ఒకాయన చెప్పాడు అందట. ఎలా ఉంటాడు అని అడిగాడట. చొక్కా ఒక పక్కకి వంగి ఉంటుంది అందట."

తాళాలు పోయినా ఆ జేబు సాగిపోయే ఉంది, చొక్కా సరిచేసుకున్నాను.

"మధ్యాహ్నాలు ఖాళీయేనా?"

"ఖాళీయే వదినా."

"ఆ సందులో నిచ్చెన నిలవడం లేదు, నేల ఎగుడుదిగుడు. కింద పట్టుకోవడానికి మనిషి కావాలి." మళ్ళీ ప్లాజా వైపు తిరిగింది. "నేను మర్చిపోయాననుకోకు. మర్చిపోలేదు. నిచ్చెన పట్టుకోవడానికి మనిషి కావాలి, అంతే."

"నిచ్చెన నేను ఎక్కుతాను. కింద నువ్వు ఉండు."

"నీకు ఏ సొరుగు ఎక్కడుందో ఏం తెలుసు?"

"నువ్వు చెప్పు."

చేతిగుడ్డతో మెడ తుడుచుకుంది. "రెండింటికి రా. చేతులు కడుక్కుని రా, లేసులన్నీ తెల్లవి" అని మళ్ళీ రోడ్డు దాటడానికి నిలబడింది. రెండు లారీలు, ఒక బస్సు పోయేదాకా ఆగాల్సి వచ్చింది. చెయ్యి పట్టుకుని దాటిద్దామనుకున్నాను. అంతవరకు ఇంకా రాలేదనిపించి, పట్టుకోలేదు. పక్కన నడిచాను.

అవతల పేవ్‌మెంట్ ఎక్కాక, "వెళ్ళు, నీకోసం ఎవరో నిలబడ్డారు అక్కడ" అంది.

నిజమే. గేటు దగ్గర ఒకాయన ఫ్రేము ఊడిన ఫొటో పట్టుకుని దిక్కులు చూస్తున్నాడు. తిరిగి వెళ్ళాను.